మేతకెళ్ళని గేదె

(పాల కేంద్రం ఆవరణలో పాడి రైతులతో మాట్లాడిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డు విని రాశాం. తడబాట్లు తప్ప మరేమీ తీయలేదు.)

అందరికీ నమస్కారమండి. ముందు కూర్చున్న పెద్దలకి, వెనక అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళకి కూడా. అమ్మా, మీరు ముందుకి రండి. ఇవాళ చెప్పేదాంట్లో సగానికి పైగా మీ చేతుల మీద నడిచే పనే. కుడితి పెట్టేది మీరు, దూడని విప్పేది మీరు, పాలు తీసేది మీరు. మీటింగు అనేసరికి కుర్చీలు మాత్రం మగవాళ్ళకి. రండి రండి, బాబాయిలు కాస్త జరుగుతారు.

సరే. ఒక్క మాట అడుగుతాను. మీ పాకలో గేదె నిన్న పొద్దుట్నుంచి ఇవాళ పొద్దుటి దాకా ఎన్ని అడుగులు నడిచింది? నవ్వుతున్నారు గానీ ఆలోచించండి. పలుపు ఎంత పొడుగో అంతే కదా.

ఇదివరకు ఎలా ఉండేది? పొద్దున్నే పాలు తీశాక పలుపు విప్పేస్తే మందతో పాటు వెళ్ళిపోయేది. బోదె గట్ల మీద, కోసిన చేలల్లో మేసి, ఎండెక్కేసరికి చెరువులో దిగి మెడదాకా మునిగి కూర్చుని, పొద్దువాలాక ఇంటికొచ్చేది. ఆ తిరుగుడులో దానికి కావలసినవన్నీ మనం చెయ్యకుండానే జరిగిపోయేవండి. ఒళ్ళు చల్లబడేది, పచ్చిమేత దొరికేది, గిట్టలు అరిగేవి. ఎదకొస్తే మందలో దున్నపోతే పసిగట్టేది, మనం కాపలా కాయక్కర్లేదు.

ఇప్పుడు? చెరువు చేపలకి పాటకిచ్చేశారు. పల్లపు చేలు తవ్వి రొయ్యలు వేశారు. గడ్డి కోత మిషను కింద నలిగిపోతోంది. మంద కాసే కుర్రాడు హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్నాడు, చేసుకోనివ్వండి. గేదె మాత్రం అదే గేదె. పాత నాటుగేదెకి ముర్రా దున్నని కలిపి తయారైన మన గోదావరి గేదే. దాని నల్లతోలు అలాగే ఉంది, దాని కడుపు అలాగే ఉంది. ఆధునిక పశుపోషణ అని పెద్ద మాట వాడుతున్నారు కదా, నా మటుకు దానికి ఒకటే అర్థం. ఇదివరకు ఊరు ఊరికే ఇచ్చినవన్నీ ఇప్పుడు పాకలోకి మనమే మోసుకురావాలి. ఏదైనా మోయడం మర్చిపోతే ఆ సంగతి పాల క్యానులో తెలుస్తుంది, కాకపోతే మందుల షాపులో తెలుస్తుంది.

ముందు నీళ్ళ సంగతి. గేదెది నల్లతోలు, ఎండని లాగేసుకుంటుంది. చెమట గ్రంథులా, ఆవుతో పోలిస్తే చాలా తక్కువ. అందుకే చెరువు కావాలి దానికి. అది సరదా కాదండి, అవసరం. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెండింటికి వెళ్ళి గేదె పక్కన నిలబడండి. డొక్క ఎగసిపడడం చూస్తూ ఒక్క నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. 20, 25 ఉంటే పర్వాలేదు. 40 దాటిందంటే అది బాధపడుతోంది. నోరు తెరిచి, నాలుక బయటపెట్టి, సొంగ కారుస్తోందంటే మీరు ఆలస్యమైపోయారు. ఆ పూట మేత ముట్టదు, ఆ పూటకి పాలు దిగిపోతాయి, ఆ నెలకి ఎద కూడా పోతుంది.

దీనికి చాలామంది ఫాగర్లు కొంటున్నారు, పొగమంచులా చిమ్ముతాయే, అవి. పొడిగాలి ఉన్న చోట అవి బాగానే పనిచేస్తాయి. మన దగ్గర గాలి నిండా తేమే కదండీ. ఆ మంచు ఆరక, పాకంతా ఇంకా ఉక్కపోతగా తయారవుతుంది. పైగా సన్న తుంపర వెంట్రుకల మీదే నిలిచిపోతుంది, తోలుకి దిగదు. మనకి కావలసింది పెద్ద చుక్క. మామూలు షవరు గొట్టం చాలు. లేదా రబ్బరు పైపు పెట్టి రెండు మూడు నిమిషాలు వీపు, మెడ, తొడలు తోలుదాకా తడపండి. తడిపాక ఫ్యాను వేయండి, పావుగంట. మళ్ళీ తడపండి, మళ్ళీ ఫ్యాను. నీళ్ళు పోసి ఫ్యాను వేయకపోతే సగం పనే. పదకొండు నుంచి నాలుగు దాకా ఇలా జరగాలి.

తాగే నీళ్ళ దగ్గర ఒక చిన్న పొరపాటు జరుగుతోంది, చూసే ఉంటారు. నల్ల ట్యాంకు డాబా మీద ఎండలో ఉంటుంది. అందులోంచి పైపు నేరుగా గాబులోకి. మధ్యాహ్నం ఆ నీళ్ళలో చెయ్యి పెట్టి చూడండి, స్నానానికి సరిపోతాయి. గేదె మూతి పెట్టి వెనక్కి లాగేస్తుంది. మనం ఏమనుకుంటాం? దానికి దాహం లేదనుకుంటాం. పాలిచ్చే గేదె ఎండాకాలంలో రోజుకి 70 నుంచి 100 లీటర్ల దాకా తాగుతుంది. గాబు నీడలో ఉండాలి, రాత్రి కూడా నిండుగా ఉండాలి, పదిహేను రోజులకోసారి పాచి గీకి లోపల సున్నం వేయాలి. దాళ్వా, అదే రెండో పంట వరి, కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు కదా, ఆ రోజుల్లో చెరువులో మిగిలిన అడుగు నీళ్ళు మాత్రం పట్టకండి.

పాక గురించి రెండు మాటలు చెప్పి వదిలేస్తాను. పొడుగు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ లోపలికి తక్కువ వస్తుంది. మధ్యలో 12 అడుగులు, చూరు దగ్గర 8 అడుగులకి తగ్గకండి. సిమెంటు రేకులు వేసినవాళ్ళు పైన తెల్లసున్నం కొట్టి, దాని మీద కొబ్బరాకులు పరవండి. కొబ్బరాకులకి మనకేం కరువండి? గచ్చు వాలు పది అడుగులకి రెండు మూడు అంగుళాలు. నున్నగా గచ్చు చేయించి మురిసిపోకండి, చూడిగేదె దాని మీద జారిందంటే నడుము పోతుంది. తడి గచ్చుకి గాట్లు గీయించండి. తాపీమేస్త్రీకి అది చాలా చిన్న పని. ఇంకొకటి, స్థలం ఉన్నవాళ్ళు పాక పక్కన చుట్టూ దడి కట్టి రాత్రిపూట పలుపు విప్పి వదిలేయండి. మేతకి పంపలేం, కనీసం నడవనిద్దాం.

ఇక గడ్డి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి ఇది వరి దేశం. కాబట్టి మన పశువు వరిగడ్డి మీద బతికే పశువు. వరిగడ్డి కడుపు నింపుతుంది, అంతవరకే. మాంసకృత్తులు బహు తక్కువ. అందులో ఉండే ఆక్సలేట్లు ఒంట్లో క్యాల్షియాన్ని పట్టేస్తాయి. భాస్వరం తక్కువ. విటమిన్ ఎ అయితే అసలే లేదు. పచ్చిమేత ఎరగకుండా ఏడాదంతా ఒట్టి ఎండుగడ్డి మీద ఉన్న చూడిగేదెకి గుడ్డిదూడలు పుట్టడం, ఈనిన నెలలోపు మూత్రం కాఫీ రంగులో పోవడం, ఇవన్నీ ఎక్కడో దిష్టి తగిలి రావండి. మేత గాబులోంచి వస్తాయి. అందుకే రోజుకి 50 గ్రాముల ఖనిజ లవణాల మిశ్రమం, 30 గ్రాముల ఉప్పు. పాలిచ్చేటప్పుడే కాదు, ఒట్టిపోయినప్పుడు కూడా. పాలివ్వడం లేదు కదా అని మానేస్తారు, సరిగ్గా అప్పుడే కడుపులో దూడ పెరుగుతుంటుంది.

ఇప్పుడు మిషను గడ్డి సంగతి. చేత్తో కోసినప్పుడు పనలు ఆరేవి, కుప్పేసేవారు, నూర్చాక మేటు వేసేవారు. మేటు వేయడం ఒక విద్య, పైన వాన పడితే జారిపోవాలి. ఇప్పుడు కోత మిషను నలిపి పొలంలో వదిలేస్తుంది, దాని మీద అల్పపీడనం వాన పడుతుంది, పైపైన ఆరగానే కట్టల మిషను వచ్చి బిగించి కట్టేస్తుంది. లోపల తడి అలాగే ఉంది. నెల తర్వాత కట్ట విప్పితే నల్లగా, బూడిదగా, ముక్క వాసన. అది బూజు. అలాంటి గడ్డి చలికాలంలో పెడితే గేదెకి తోక చివర, చెవుల అంచులు, గిట్టల పైన చర్మం నల్లబడి, ఎండి, కుళ్ళిపోతాయి. డెగ్నాలా జబ్బంటారు. గేదెలకే ఎక్కువగా వస్తుంది. తోక ఊడిందాకా పురుగు కొరికిందనుకుంటారు చాలామంది. ముందు ఆ గడ్డి ఆపేయాలి, ఆపకుండా ఎన్ని ఇంజెక్షన్లు చేయించినా దండగే. కట్ట కొనేముందు మధ్యలోకి చెయ్యి పెట్టి చూడండి. వేడిగా తగిలినా, చెమ్మగా తగిలినా ఆ లోడు వద్దనండి. తక్కువకిస్తానన్నా వద్దనండి.

ఇంకొకటుంది ఆ కట్టలో. తాడు. ప్లాస్టిక్ పురికొస. కత్తితో కోసి, గడ్డితో పాటే గాబులోకి దులిపేస్తాం కదా? గేదె నోటికి అది తెలియదు, మింగేస్తుంది. కడుపులో అరగదు, బయటికి పోదు. ఏళ్ళ తరబడి చుట్టచుట్టుకుని ముద్దవుతుంది. మేత తగ్గింది, అప్పుడప్పుడూ ఉబ్బుతోంది, చిక్కిపోతోంది అని చెప్పే గేదెల్లో కొన్నింటి రహస్యం ఇదే. కట్టకి రెండు తాళ్ళుంటే రెండు తాళ్ళూ చేతికి రావాలి. పాక గుంజకి ఒక మేకు కొట్టి, కోసిన తాడల్లా దానికి తగిలించండి. సాయంత్రం లెక్క సరిపోవాలి.

గడ్డికి యూరియా పట్టించడం గురించి అడుగుతూ ఉంటారు. మంచి పద్ధతే, కానీ కొలత తప్పితే విషం. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీళ్ళు. యూరియా పూర్తిగా కరగాలి, పలుకులు ఉండకూడదు. గచ్చు మీద పట్టా పరిచి, గడ్డి పొరగా వేసి, పూలకుండీకి నీళ్ళు పోసే డబ్బాతో సమంగా చల్లి, తొక్కండి. మళ్ళీ పొర, మళ్ళీ చల్లడం, మళ్ళీ తొక్కడం. ఆఖర్న పట్టా కప్పి, గాలి చొరకుండా అంచుల మీద మట్టి వేసి, 21 రోజులు వదిలేయండి. తీసినప్పుడు గడ్డి లేతపసుపుగా, మెత్తగా, ముక్కు మండే వాసనతో ఉంటుంది. ఓ గంట ఆరబెట్టి, మొదటి వారం మామూలు గడ్డిలో కొద్దిగా కలిపి అలవాటు చేయండి. ఆరు నెలల్లోపు దూడలకి వద్దు. ప్రమాదం ఎక్కడ జరుగుతుందంటే గడ్డిలో కాదు, బక్కెట్లో. మిగిలిన యూరియా నీళ్ళు బక్కెట్లో వదిలేసి భోజనానికి వెళ్తారు. గేదె కుడితనుకుని తాగేస్తుంది. అందుకే కలిపేది పాకలో వద్దు, మిగిలితే అక్కడికక్కడే పారబోయండి.

పచ్చిమేత. పాలిచ్చే గేదెకి రోజుకి 20, 25 కిలోలు. గరువు, అదే మెరక నేల, ఉన్నవాళ్ళు సూపర్ నేపియర్ గడ్డి వేసుకోవచ్చు. దాళ్వా వేయని చేలల్లో జనుము, పిల్లిపెసర మన తాతల నాటి ఏర్పాటే. కొత్తదేం కాదు, మనమే మానేశాం. పల్లంలో పారాగడ్డి బాగా వస్తుంది, దానికి ఎవరి ప్రోత్సాహమూ అక్కర్లేదు. కానీ పారాగడ్డి ఉన్న చోట నీళ్ళుంటాయి, నీళ్ళున్న చోట నత్తలుంటాయి, నత్తలున్న చోట కార్జపు జలగ ఉంటుంది. జలగ పిల్లలు నత్తలోంచి బయటికొచ్చి, నీటి అంచున గడ్డి కాడలకి అంటుకుని కూర్చుంటాయి. కాబట్టి కొడవలి ఎక్కడ పెట్టాలి? నీటిమట్టానికి జానెడు పైన. మొదలంటా కోస్తే నాలుగు పరకలు ఎక్కువొస్తాయి, జలగ కూడా వస్తుంది. మనూళ్ళకి బాతుల మందలొస్తాయి కదా, ఆ బాతులు నత్తల్ని తినేస్తాయి. మీ చేలో వాటిని తోలనివ్వండి, మంచిదే.

జలగ పట్టిన గేదె ఎలా ఉంటుంది? తింటుంది, ఒంటికి పట్టదు. పారుతుంది. దవడ కింద సంచిలా నీరు దిగుతుంది, తల వంచి మేశాక సాయంత్రం బాగా కనబడుతుంది. మామూలు ఏలికపాముల మందు పోసేసి ‘మందు పోశామండి’ అంటారు. అన్ని మందులకీ జలగ చావదు. పేడ పరీక్ష చేయించి, జలగకి పనిచేసే ఆక్సీక్లోజనైడ్ లాంటి మందు, డాక్టరుగారు బరువు చూసి చెప్పిన మోతాదులో, వానలకి ముందొకసారి, వానలయ్యాక ఒకసారి పోయించాలి.

దాణా లెక్క అందరికీ తెలుసు, అయినా ఒకసారి. ఒంటికి కిలోన్నర, పాలకి ప్రతి రెండు లీటర్లకీ కిలో. ఎనిమిది లీటర్ల గేదెకి అయిదున్నర కిలోలు, రెండు పూటలుగా. ఇంట్లో కలుపుకునేవాళ్ళకి 100 కిలోలకి, నూకలో నలిపిన మొక్కజొన్నో 35, నూనె చెక్కలు 30, అందులో కొబ్బరిచెక్క కొంత, నూనె తీసిన తవుడు 20, మినప్పొట్టు 12, ఖనిజ లవణాలు 2, ఉప్పు 1. పచ్చి తవుడు అయితే వారానికి సరిపడానే తెచ్చుకోండి, నూనె ఉంటుంది కాబట్టి త్వరగా ముక్కిపోతుంది.

పెళ్ళి భోజనాల సంగతి చెప్పకుండా ఉండలేను. మాఘమాసం వచ్చిందంటే మిగిలిన అన్నం గంగాళంతో సహా పాకకొస్తుంది. పారేస్తే పాపం, గేదె తింటే పుణ్యం అని. అంత అన్నం ఒక్కసారి తింటే కడుపులో పులిసి యాసిడ్ అవుతుంది. నెమరు ఆగిపోతుంది, నీళ్ళలా పారుతుంది, పళ్ళు కొరుకుతుంది, పడిపోతుంది. ఒక్కోసారి మర్నాటికి గేదె ఉండదు. అలవాటైన కుడితిలో గుప్పెడు అన్నం వేరు, గంగాళం వేరు. తినేసిందని తెలిస్తే అది పడిపోయేదాకా చూడకండి, దాణా ఆపి, వెంటనే పశువుల అంబులెన్సుకి, 1962 నంబరుకి, ఫోను చేయండి.

ఇక దూడ. మన పాడిలో అందరికంటే అన్యాయమైపోయేది దూడే. పెయ్యదూడైతే కాస్త నయం, దున్నదూడైతే ఎవరికీ పట్టదు. ఈనగానే మూడు పనులు చకచకా జరగాలి. ముక్కు, నోరు తుడవాలి. బొడ్డు రెండంగుళాలు వదిలి, శుభ్రమైన దారం కట్టి, కోసి, టించర్ అయోడిన్‌లో ముంచాలి. తర్వాత ముర్రుపాలు, గంటలోపు, మహా అయితే రెండు గంటల్లోపు. ఇక్కడే తగువు. ‘మాయ పడకుండా పాలు వదలకూడదు’ అంటారు పెద్దవాళ్ళు. అత్తగారూ, మీకు దణ్ణం పెడతాను, ఆ ఒక్క మాట మార్చుకోండి. రోగాన్ని తట్టుకునే శక్తి దూడకి తల్లి కడుపులో రాదు, ముర్రుపాలతోనే వస్తుంది. దూడ పేగు ఆ శక్తిని లోపలికి పీల్చుకునేది మొదటి కొద్ది గంటలే, రోజు గడిస్తే తలుపు మూసుకున్నట్టే. పైగా దూడ కుడిస్తే మాయ త్వరగా పడుతుంది. 30 కిలోల దూడకి మొదటి రోజు 3 లీటర్లు, మూడు నాలుగు సార్లుగా. జున్ను ఎవరు వద్దన్నారండి? దూడ వాటా అయ్యాక మిగిలినదాంతో వండుకోండి, చుట్టాలకి పంపుకోండి.

మాయ పడలేదని ఇటుకరాయి కట్టడం, లాగడం చేయకండి. పన్నెండు గంటలు చూసి డాక్టరుకి చెప్పండి.

పది, పదిహేను రోజులకి ఏలికపాముల మందు. అంత పసిదానికి పాములెక్కడివంటారా? తల్లి పాలలోంచే వస్తాయి, గేదెదూడలకి ఇది మామూలు. పేడ బంకమట్టి రంగులో, చెడ్డ కంపుతో ఉంటే అదే గుర్తు. నెల తిరక్కుండా పోయే దూడల్లో చాలా వాటికి మందు సమయానికి పడి ఉంటే బతికేవి.

దూడ పోతే ఏమవుతుంది? గేదె చేపదు, అంటే పాలు దించదు. చేపకపోతే ఏం చేస్తున్నాం? సూది. ఎవరూ పైకి చెప్పరు, కానీ చూరులో సీసా ఉంటుంది. చేపుకి వాడే ఆ ఆక్సిటోసిన్ ఇంజెక్షను 1960 నాటి పశుహింస నిరోధక చట్టం 12వ సెక్షను కింద నేరం. చట్టం సంగతి పక్కన పెట్టండి, ఆ సూది అలవాటైన గేదె అది లేకుండా చేపడం మానేస్తుంది. రోజుకి రెండు పూటలా పొడిచే సూది, అదీ ఉడకబెట్టనిది. దూడ మీద శ్రద్ధ పెడితే తీరిపోయే సంగతి ఇది. దూడ లేనప్పుడు కూడా గోరువెచ్చని నీళ్ళతో పొదుగు కడిగి, ముందు దాణా పెట్టి, నెమ్మదిగా నిమరండి. గేదె ఆవులా గబుక్కున చేపదు, కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ కొన్ని నిమిషాలూ మనం ఆగలేకే సూది.

వెన్న శాతం మీద డబ్బులిస్తారు కదా, ఈ చిట్కా వినండి. మొదటి పాలు పలచన, ఆఖరి పాలు చిక్కన. మనం ఏం చేస్తాం, ముందు పితికేసుకుని ఆఖర్న దూడని వదులుతాం. వెన్నంతా దూడకి, దానికేమో విరేచనాలు. తిరగేయండి. దూడని చేపుకి వదిలినప్పుడే దాని వాటా తాగనివ్వండి, ఆఖరి చుక్క మీరు తీసుకోండి.

పితికేటప్పుడు బొటనవేలు మడిచి చన్ను నలపకండి, గుప్పిటతో పట్టాలి. మొదటి రెండు ధారలు నల్లటి గిన్నెలో పిండి చూస్తే విరుగుడు కనబడిపోతుంది. అదే పొదుగువాపుకి మొదటి కబురు. ఆ రెండు ధారలు నేల మీద పిండకండి. పాలు తీశాక చన్నులు అయోడిన్ మందులో ముంచి, వెంటనే మేత వేయండి. ఎందుకంటే చన్ను రంధ్రం అరగంట దాకా తెరుచుకునే ఉంటుంది. మేత ఉంటే నిలబడి తింటుంది, లేకపోతే పేడలో పడుకుంటుంది.

ఎద గురించి. ఎండాకాలం గేదెది మూగ ఎద, అరవదు. పాలు ఒక పూట తగ్గడం, ఊరికే కాస్త కాస్తగా మూత్రం పోయడం, పడుకున్నప్పుడు వెనక నుంచి జిగట తీగ వేయడం, ఇవే గుర్తులు. రాత్రి పదికి, తెల్లవారుజామున నాలుగుకి టార్చి వేసి చూడండి. పొద్దున్న కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున్న చూడి సూది, అదే కృత్రిమ గర్భధారణ, వేయించాలి. క్యాలెండరు మీద రాయండి, 21 రోజులకి మళ్ళీ చూడండి, రెండు నెలలు దాటాక చూడి పరీక్ష చేయించండి. చూడి కట్టిందనుకుని పదినెలలు కూర్చుంటే ఆ మేత డబ్బులు ఎవరూ ఇవ్వరు.

టీకాలు త్వరగా చెప్పేస్తాను. గొంతువాపుకి మే ఆఖరులోపు, వానలకి ముందు. గాలికుంటుకి ఏడాదికి రెండుసార్లు. పెయ్యదూడలకి నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య చూడి పోగొట్టే బ్రూసెల్లా జబ్బుకి టీకా, జన్మకి ఒకసారే. చెవికి 12 అంకెల పోగు వేస్తామంటే గేదె అందం పోతుందని దాచేయకండి.

ఎవరో చీటీ పంపారు. లంకల్లో వాళ్ళనుకుంటాను. వరదొస్తే ఏం చేయాలని. 1986 గోదావరి వరద చూసినవాళ్ళకి నేను చెప్పేదేముంది. గేదె ఈదగలదండి, మనకన్నా బాగా ఈదుతుంది. వరదలో చచ్చిపోయేవి ఎక్కువగా కట్టేసి వదిలేసినవే. నీళ్ళు గట్టు తాకకముందే పశువుల్ని ఏటిగట్టు మీదకి తోలేయాలి. నాలుగు రోజుల గడ్డి ముందే ఎత్తులో పెట్టుకోవాలి. నీళ్ళు తీశాక మునిగిన గడ్డి, బురద పట్టిన పచ్చిక వారం పది రోజులు పెట్టకూడదు. అన్నిటికంటే ముందు పలుపు ముడి. తడిసిన కొబ్బరితాడు బిగుసుకుపోతే, చీకట్లో, మోకాల్లోతు నీళ్ళలో, గేదె బెదిరి లాగుతుంటే ఆ ముడి ఊడదు. కొడవలి కోసం వెతుక్కోవాలి. వానాకాలం నాలుగు నెలలూ కొస లాగితే ఊడే ముడే వేయండి. తాడు గుంజ చుట్టూ ఒక్కసారి తిప్పి, కొసని పూర్తిగా దూర్చకుండా మడత పెట్టి దూర్చాలి. మడత బిగుస్తుంది, కొస బయట ఉంటుంది. ఇదిగో, ఇక్కడ తాడుంది, ఈ కుర్చీ కాలు గుంజ అనుకోండి. అమ్మా, మీరు రండి, మీరు వేసి చూపించండి.